మెడ సీల్ కత్తిరింపుకు 1,200 రూపాయలు: చెన్నైలో డ్రైసూట్ మరమ్మతు అనుభవం

చల్లటి నీళ్ళలో దిగడానికి వేసుకునే, లోపలికి నీళ్ళు రానివ్వని డ్రైసూట్ సొంతంగా ఉన్న డైవర్లు చెన్నైలో చాలా అరుదు. ఇక్కడి సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం 26 నుంచి 30 డిగ్రీల మధ్య వెచ్చగా ఉంటుంది కాబట్టి లోపల తడిసినా వెచ్చగా ఉంచే 3 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ వేసుకుంటే సరిపోతుంది. నా డ్రైసూట్ ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కొన్నది. తిరిగి వచ్చాక అది వేలచ్చేరిలోని మా ఇంటి అటక మీద రెండు వేసవులు ఉండిపోయింది. ఐస్‌లాండ్ ప్రయాణం ఖాయమయ్యాక దించి చూస్తే, మెడను చుట్టూ పట్టి నీటిని ఆపే లేటెక్స్ (పలుచని రబ్బరు) సీల్ మెత్తబడి వేలికి అంటుకుంటోంది. లేటెక్స్‌కు ఎండ, వేడి, నూనె, విద్యుత్ మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ అన్నీ శత్రువులే. తప్పు నాదే, మార్పించక తప్పలేదు.

ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని ఒక డైవింగ్ దుకాణంలో ఇచ్చాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చర్చించదలచుకున్నది ఇటువంటి చిన్న సవరణలకు రుసుము ఎలా నిర్ణయించాలన్న విషయాన్ని మాత్రమే. వారం తర్వాత చేతికిచ్చిన బిల్లులో కొత్త సీల్‌కు 4,200, అతికించినందుకు 3,000, మెడకు సరిపోయేలా కత్తిరించినందుకు 1,200, లీక్ పరీక్షకు 1,500, జిప్‌కు మైనం రాసినందుకు 400, ‘ఇన్‌స్పెక్షన్’ పేరుతో 750 రూపాయలు రాశారు. 11,050 రూపాయల మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 13,039 అయింది. సీల్ ధర గురించి, అతికింపు కూలి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను ఆలోచింపజేసినవి మిగిలిన నాలుగు చిన్న పద్దులు.

ముందుగా కత్తిరింపు. ఆ పని నా కళ్ళ ముందే, నా మెడ మీద కొలత చూసుకుంటూ జరిగింది. చేసినవాడు నెల్లూరు నుంచి వచ్చిన కుర్రవాడు. నా మాట వినగానే తెలుగులోకి మారాడు. సీల్‌ను నున్నని ప్లాస్టిక్ గొట్టం మీదికి సాగదీసి, దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న గీతల్లో ఒక్కదాని వెంట మాత్రమే, పెద్ద కత్తెరతో ఆగకుండా ఒకే వరుసగా కోశాడు. మధ్యలో ఎక్కడ చిన్న గంటు పడినా రేపు అక్కడి నుంచే సీల్ చిరుగుతుంది. తర్వాత సూట్ తొడిగించి, “అన్నా, అయిదు నిమిషాలు అలాగే ఉండండి. తల ఎడమకు తిప్పండి, ఇప్పుడు కుడికి. కళ్ళు తిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే చెప్పండి” అన్నాడు. బిగుతుగానే ఉందని చెబితే విప్పించి ఇంకొక గీత తీశాడు. మళ్ళీ తొడిగించాడు. మూడో గీత తీద్దామా అని నేనే అడిగితే, “వద్దన్నా. చల్లటి నీళ్ళలో తల తిప్పినప్పుడు నరం పక్కన సందు పడుతుంది” అని ఆపేశాడు.

కత్తెర ఆడింది రెండు నిమిషాలే కావచ్చు, పని మాత్రం ముప్పావుగంట పట్టింది. రెండు నిమిషాల కోతకు 1,200 రూపాయలా అని అడిగేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. మెడ సీల్ బిగుతు సుఖానికి మాత్రమే సంబంధించింది కాదు. మెడకు రెండు పక్కలా కెరోటిడ్ ధమనులు ఉంటాయి; రక్తపోటును పసిగట్టే కేంద్రాలు ఉండేది అక్కడే. సీల్ వాటిని నొక్కితే రక్తపోటు పెరిగిందని శరీరం పొరబడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నీళ్ళలో ఉన్నప్పుడు తల తిరిగినా, స్పృహ తప్పినా ప్రాణాపాయమే. సీల్ వదులైతే వచ్చే ప్రమాదం వేరు. నా సూట్ లాంటి పలుచని పొరల సూట్‌లో వెచ్చదనం లోపలి దుస్తుల మధ్య నిలిచే గాలి వల్ల వస్తుంది, ఆ దుస్తులు తడిస్తే రక్షణ పోయినట్టే. నీరు శరీరం నుంచి వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఐస్‌లాండ్‌లో నేను దిగబోయే, నీటితో నిండిన సిల్ఫ్రా అనే నేల పగులులో నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే.

అందువల్ల కత్తిరింపుకు రుసుము తీసుకోవడం న్యాయమేనని నమ్ముతున్నాను. ఎక్కడో అతికించిన సీల్‌ను తీసుకొచ్చి ఇక్కడ సరిచేయమని అడిగి ఉంటే 1,200 రూపాయలు మారుమాట లేకుండా ఇచ్చేవాడిని. ఈ నగరంలో ఇటువంటి సూట్ దుకాణానికి ఎప్పుడో గాని రాదు. ఆ అరుదైన పని కోసం వాళ్ళు దిగుమతి సీళ్ళు తెచ్చి చల్లని చోట దాచాలి. గాలిలోని తేమతో గట్టిపడే జిగురును, ట్యూబు ఒకసారి తెరిచాక, చెన్నై ఉక్కలో కాపాడుకోవాలి. ఆ ఖర్చంతా నాలాంటి కొద్దిమంది మీదే పడుతుంది.

అయితే నా విషయంలో సీల్ అమ్మింది వాళ్ళే, అతికించింది వాళ్ళే. ఈ రకం కొత్త సీల్ ఎవరి మెడకైనా బిగుతుగా ఉండేలాగే వస్తుంది, మెడను బట్టి కోసుకోవడానికే దాని మీద గీతలు పెడతారు. అటువంటప్పుడు కత్తిరించని సీల్‌ను అతికించి, పని పూర్తయిందని 3,000 తీసుకుని, వాడుకోవడానికి వీలుగా చేసినందుకు మరో 1,200 అడగడం సమంజసంగా తోచలేదు. టి. నగర్‌లో జాకెట్టు కుట్టిన దర్జీ, మొదటిసారి తొడిగి చూసినప్పుడు చంక దగ్గర పట్టేస్తే, విప్పి వదులు చేసినందుకు వేరే కూలి అడగడు. రెడీమేడ్ జాకెట్టు తీసుకెళితే మాత్రం అడుగుతాడు, అడగాలి కూడా. జాకెట్టు లోపల మడతలో బట్ట మిగులుతుంది కనుక దర్జీ తన పొరపాటును సరిదిద్దుకోగలడు. కోసిన లేటెక్స్‌ను తిరిగి కలపడం ఎవరి వల్లా కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా ఇదే. కత్తెర పట్టే ముందు ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. కత్తిరింపు సమయంలో సీల్ చిరిగినా, వదులైనా బాధ్యత యజమానిదేనని అందులో ఉంది. పాత సీల్ అయితే ఆ షరతును అర్థం చేసుకోగలను, లోపల ఎంత బలం మిగిలిందో ఎవరికీ కనిపించదు కనుక. కానీ ఇది నాలుగు రోజుల క్రితం వాళ్ళే అమ్మిన సీల్. 1,200 రూపాయలకు నాకు దక్కేది కత్తెర కాదు, నైపుణ్యం తాలూకు పూచీ. పూచీని కాగితంతో వెనక్కి తీసుకున్నాక ఆ రుసుముకు ఆధారం ఏమిటో నాకు బోధపడలేదు. ఆ కుర్రవాడు పొరపాటు చేసి ఉంటే నేను మరో 7,200 పెట్టి మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించవలసి వచ్చేది.

లీక్ పరీక్షకు ఇచ్చిన 1,500 మీద నాకు మంచి మాటే ఉంది. మెడకు, మణికట్లకు బిరడాలు బిగించి, సూట్‌ను గాలితో ఉబ్బించి, అంగుళం అంగుళం సబ్బునీళ్ళు చల్లి చూశారు. ఎడమ భుజం మీది గాలి వదిలే వాల్వ్ అంచున సన్నని బుడగలు కనిపించాయి. వాల్వ్ వెనక నట్టు వదులైందని గుర్తించి, విప్పి, శుభ్రం చేసి బిగించారు. దానికి ఒక్క రూపాయి కూడా వేయలేదు. నేను ఎన్నడూ కనిపెట్టలేని లోపం అది.

జిప్‌కు మైనం రాసే పని ఇత్తడి జిప్ ఉన్న ప్రతి డైవరూ ఇంట్లో స్వయంగా చేసుకునేదే. నేను అడగలేదు, చేస్తామని వాళ్ళూ చెప్పలేదు. ఇన్‌స్పెక్షన్ సంగతీ అంతే. సూట్ తీసుకునేటప్పుడు బల్ల మీద పరచి చూసిన పది నిమిషాలకు 750 రూపాయలని ముందే చెప్పి ఉంటే ఒప్పుకునేవాడినేమో. పని అప్పగించాక బిల్లులో మొదటిసారి కనిపించే రుసుము ఎంత చిన్నదైనా అన్యాయమే.

ఈ మాటలన్నీ యజమానితో నెమ్మదిగానే చెప్పాను. ఆయన మైనం తాలూకు 400 వెంటనే కొట్టేశారు. ఇన్‌స్పెక్షన్ తమ దుకాణం పద్ధతి అన్నారు. కత్తిరింపు గురించి మాత్రం, “మీరన్నది నిజమేనండీ, కానీ బయటి సూట్‌లకు, మా సీళ్ళకు రెండు రేట్లు పెడితే గందరగోళం అవుతుంది” అన్నారు. పన్నుతో కలిపి 12,567 చెల్లించి వచ్చాను.

సిల్ఫ్రాలో రెండుసార్లు దిగాను. మెడ పొడిగా ఉంది, తల ఎటు తిప్పినా ఇబ్బంది కలగలేదు. మణికట్టు సీళ్ళు కూడా పాతవే, వచ్చే ప్రయాణానికి ముందు మార్చాలి. వాటిని ఆ నెల్లూరు కుర్రవాడి చేతికే ఇస్తాను. ఈసారి మాత్రం అతికింపు ధరలోనే కత్తిరింపు కలిసి ఉందని, కోతలో చెడితే కొత్త సీల్ వాళ్ళే వేస్తారని ముందుగా రాయించుకున్నాకే సూట్ అప్పగిస్తాను.