నాలుగేళ్లుగా గిట్-ఎస్‌వీఎన్ వాడుతున్నా, మెర్జ్ దగ్గర మాత్రం జాగ్రత్త

మా ఆఫీసు కోడంతా ఇప్పటికీ సబ్‌వెర్షన్‌లోనే (ఎస్‌వీఎన్, కోడ్ మార్పుల లెక్కంతా ఒకే సర్వర్‌లో దాచే టూల్) ఉంది, నాకేమో గిట్ (అదే లెక్కని మన కంప్యూటర్‌లోనే పెట్టుకోనిచ్చే టూల్) లేకుండా చెయ్యి ఆడదు. అందుకే మధ్యలో ఈ రెండిటినీ కలిపే గిట్-ఎస్‌వీఎన్ పెట్టుకున్నా. సోమవారం నల్లగొండలో బస్సెక్కితే నార్కట్‌పల్లి, చిట్యాల దాటేదాకా సిగ్నల్ ఉన్నా లేకున్నా కమిట్లు చేసుకుంటూ (మార్పుల్ని నా దగ్గరే సేవ్ చేసుకుంటూ) పోతా, ఆఫీసులో దిగి ఒక్క డీకమిట్ కమాండ్‌తో అన్నీ సర్వర్‌కి ఎక్కిస్తా. ఈ సుఖం కోసమే దీన్ని వదల్లేదు.

మెర్జ్ (ఒక బ్రాంచ్‌ని, అంటే కోడ్‌లోంచి విడిగా తీసిన పాయని, ఇంకోదాంట్లో కలపడం) సంగతి వేరు. మొదటి ఏడాది ఒక శుక్రవారం, ఊరికి బస్సు పట్టుకోవాలన్న తొందరలో రిలీజ్ బ్రాంచ్‌ని మాస్టర్‌లోకి (ట్రంక్ అనే ఎస్‌వీఎన్ మెయిన్ లైనుకి నా గిట్‌లో ఉన్న బ్రాంచ్) మామూలుగా మెర్జ్ చేసి, పైన రెండు కమిట్లు పెట్టి డీకమిట్ కొట్టా. బస్సులో ఉండగానే సీనియర్ అన్న ఫోన్: "తమ్మీ, నీ కమిట్లు ట్రంక్‌ల లేవు, రిలీజ్‌ల ఉన్నయేంది?" ఎంత టెన్షన్ పడ్డానో! సబ్‌వెర్షన్ సర్వర్‌కి ఒకసారి ఎక్కిన రివిజన్‌ని (అక్కడ నంబరుతో నమోదైన మార్పు) తుడిచేయలేం, తిరగేసే మార్పుని ఇంకో రివిజన్‌గా వేయాల్సిందే.

జరిగింది ఏంటంటే, బ్రాంచ్ తీశాక ట్రంక్‌లో ఎవరూ ఏం మార్చలేదు, అందుకని నా మెర్జ్ ఫాస్ట్ ఫార్వర్డ్ అయిపోయింది, అంటే విడిగా మెర్జ్ కమిట్ పుట్టకుండా మాస్టర్ నేరుగా రిలీజ్ కమిట్ల మీదికి జరిగింది. డీకమిట్ మనం ఏ బ్రాంచ్ మీద ఉన్నామో చూడదు. మొదటి పేరెంట్ల (ప్రతి కమిట్‌కి ముందున్న కమిట్) వెంట వెనక్కి పోతూ, కమిట్ మెసేజ్ చివర ఉండే గిట్-ఎస్‌వీఎన్-ఐడీ లైను ఎక్కడ ముందు తగిలితే ఆ అడ్రస్‌కే పంపిస్తుంది. నాకు ముందు తగిలింది రిలీజ్‌ది.

అప్పట్నుంచి నో-ఎఫ్ఎఫ్ (ఫాస్ట్ ఫార్వర్డ్ వద్దనే ఆప్షన్) లేకుండా మెర్జ్ చేయను, డ్రై-రన్‌లో (నిజంగా పంపకుండా చేసే ట్రయల్) 'కమిటింగ్ టు' పక్కన ట్రంక్ అడ్రస్ కళ్లారా చూశాకే డీకమిట్ చేస్తా.

ఇంకోటి, మన మెర్జ్ సబ్‌వెర్షన్ వైపు ఒకే రివిజన్‌లో వచ్చిన పెద్ద మార్పులాగే కనిపిస్తుంది. సబ్‌వెర్షన్ 2008లో 1.5 నుంచి మెర్జ్‌ల లెక్కని ఎస్‌వీఎన్-మెర్జ్‌ఇన్ఫోలో రాసుకుంటోంది, డీకమిట్ తనంతట తాను అది రాయదు. టీంలో ఎవరో అదే బ్రాంచ్‌ని మళ్లీ మెర్జ్ చేస్తే అన్నీ కాన్‌ఫ్లిక్ట్‌లే (మార్పులు ఒకదానికొకటి గుద్దుకోవడం). పుష్‌మెర్జ్‌ఇన్ఫో సెట్టింగ్ ఆన్ చేసి చూశా, పనిచేస్తుంది. అయినా రెండు ఎస్‌వీఎన్ బ్రాంచ్‌లు కలపాలంటే ఇప్పుడు నేరుగా ఎస్‌వీఎన్‌లోనే కలిపి, గిట్ వైపు రీబేస్ (నా కమిట్లని కొత్త కోడ్ మీద మళ్లీ పేర్చడం) చేసుకుంటున్నా. నా సొంత చిన్న బ్రాంచ్‌లకైతే రీబేస్ చాలు.

శుక్రవారం సాయంత్రాలు మాత్రం మెర్జ్ జోలికి పోను, సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చున్నాకే.