గడ్డం ఉన్న సైనికుడికి గ్యాస్ మాస్కు: పట్టీ, హుడ్, ట్రిమ్మర్‌లలో దేనికెన్ని మార్కులు?

సైనికులను గడ్డం పెంచుకోనివ్వాలా వద్దా అనే వాదన ఎప్పుడూ క్రమశిక్షణ దగ్గరే మొదలవుతుంది. దాంతో మాత్రం తేలదు. భారత సైన్యంలో సిక్కులు తరతరాలుగా గడ్డంతోనే కొలువు చేస్తున్నారు. అదే బ్రిటిష్ సైన్యంలో 1916 అక్టోబరు దాకా మీసం గీసేయడమే నిబంధనకు విరుద్ధం! అసలు విషయాన్ని తేల్చేది గ్యాస్ మాస్కు అంచు. నుదుటి నుంచి చెంపల మీదుగా చుబుకం కిందికి చుట్టూ ఆనే ఆ సన్నని రబ్బరు కింద వెంట్రుక ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ చిక్కుకు పరిష్కారంగా చెప్పే మూడు రకాల సామాను మీద ఈ సమీక్ష.

ముందు మాస్కు సంగతి. ఊపిరి పీల్చినప్పుడు లోపలి పీడనం బయటికన్నా తగ్గుతుంది. అంచు కింద వెంట్రుకలుంటే వాటి మధ్య సందులోంచి గాలి వడపోత లేకుండానే లోపలికొస్తుంది, ఫిల్టర్ డబ్బా కన్నా దానికి అదే తేలిక దారి. మాసిన గడ్డమే కదా, ఏం కాదులే అనుకోవద్దు. పొట్టి వెంట్రుక బిరుసుగా నిలబడి రబ్బరును చర్మానికి ఆననివ్వదు. అందుకే బ్రిటన్ పని భద్రతా సంస్థ షిఫ్టుకు ముందు 8 గంటల లోపు గీసుకుని ఉండాలంటుంది. అమెరికా పని భద్రతా నిబంధనల ప్రకారం ఫిట్ టెస్టులో, అంటే మాస్కు అంచు లీకవుతుందో లేదో చూసే పరీక్షలో, సగం ముఖం మాస్కుకు కనీసం 100, పూర్తి ముఖం మాస్కుకు 500 రావాలి. 500 అంటే బయట 500 కణాలుంటే లోపల ఒకటే ఉండాలన్నమాట. సైనిక మాస్కులకు గీత ఇంకా పైనే ఉంటుంది.

మొదటిది, గడ్డాన్ని కప్పే ఎలాస్టిక్ పట్టీ. సిక్కులు గడ్డం సర్దుకోవడానికి కట్టుకునే ఠాఠాయే దీనికి మూలం. గుడ్డకు బదులు వ్యాయామానికి వాడే వెడల్పాటి, పలుచని రబ్బరు పట్టీ వాడతారు. కోవిడ్ సమయంలో బ్రిటన్‌లోని సిక్కు దంతవైద్యులు దీన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఆస్పత్రి మాస్కులతో 27 మందిలో 25 మంది మామూలు ఫిట్ టెస్టు నెగ్గారు. కణాలు లెక్కపెట్టే పరీక్షకు కూర్చున్న ఐదుగురూ నెగ్గారు.

కట్టే పద్ధతి తెలిస్తే కష్టం కాదు. గడ్డం బాగా దువ్వి, చివర్లు చుబుకం కిందికి మడవాలి. పట్టీ నడిమి భాగం చుబుకాన్ని పూర్తిగా కప్పి, పై అంచు కింది పెదవికి కాస్త దిగువన ఉండాలి. రెండు కొసలనూ చెంపల మీదుగా పైకి లాగి నడినెత్తిన ముడి వేయాలి. ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేశాక మాస్కు పెట్టాలి. ఆ పట్టీ అంచు మాస్కు అంచును దాటి వెళ్లే చోటే, అంటే చెంప దగ్గరే, సాధారణంగా లీకవుతుంది. పట్టీ మందంగా ఉంటే అక్కడ చిన్న మెట్టులా ఏర్పడి సందు మిగులుతుంది. పలుచనిదే కొనండి. మాట్లాడినప్పుడు దవడతో పాటు పట్టీ జారుతుంది కాబట్టి, పరీక్షలో తల తిప్పడం, వంగడం, గట్టిగా చదవడం ఒక్కటి కూడా వదలకూడదు. మాస్కు జారుతోందని స్ట్రాపులు మరీ బిగిస్తే రబ్బరు అంచు వంకరపోయి లీకు పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఆస్పత్రి వార్డు వరకు దీనికి మంచి మార్కులే. కానీ సైనికుడి లెక్క వేరు. అమెరికా సైన్యం శిక్షణలో గ్యాస్ హెచ్చరిక వినగానే మాస్కు పెట్టుకుని సీల్ చూసుకోవడానికి ఇచ్చే సమయం 9 సెకన్లు. ఆ వ్యవధిలో పట్టీ ముడి కూడా పడదు. ముందే కట్టుకుని తిరగాలంటే చెమట, దద్దుర్లు, లేటెక్స్ పడని వాళ్లకు అలర్జీ. పైగా పలుచని సహజ రబ్బరును మస్టర్డ్ గ్యాస్ లాంటి విష రసాయనం చొచ్చుకుపోతుంది. ధూళికి, వైరస్‌కు పనికొచ్చిన పట్టీ రసాయన దాడికి పనికొస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

రెండోది ఫ్యాన్‌తో వడపోసిన గాలి పంపే హుడ్, అంటే తలంతా కప్పే ముసుగు. ఇది వదులుగా ఉంటుంది, ముఖానికి అతుక్కునే అంచే లేదు కాబట్టి గడ్డం గొడవే లేదు. నిమిషానికి కనీసం 170 లీటర్ల గాలి రావాలి. బ్యాటరీ అయిపోతే రక్షణా అయిపోయినట్టే. పరుగెత్తి రొప్పుతున్నప్పుడు పీల్చే గాలి ఫ్యాన్ ఇచ్చేదాన్ని ఒక్క క్షణం మించినా బయటి గాలి లోపలికొస్తుంది. రైఫిలు బట్‌కు చెంప ఆనించడం కుదరదు, ఫ్యాన్ మోతలో వైర్‌లెస్ మాటలు సరిగా వినపడవు. గాయపడ్డవాళ్ల ఒంటిమీది రసాయనాన్ని శుభ్రం చేసే వెనుక బృందాలకు, వైద్యులకు ఇది సరైన వస్తువు. కాల్బలానికి కాదు.

మిగిలింది ట్రిమ్మరూ రేజరూ. మా ఓటు దీనికే: మామూలు రోజుల్లో గడ్డం ఉండనివ్వాలి, ముప్పు పొడసూపగానే తీసేయించాలి. బ్రిటిష్ సైన్యం 2024లో అనుమతించింది ఇంచుమించు ఇలాగే. గడ్డం 2.5 నుంచి 25.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అవసరమైతే గీసేయమని పై అధికారి ఆదేశించవచ్చు. ఈ ఏర్పాటు పనిచేయాలంటే ప్రతివాడి సంచిలో సరైన సామాను ఉండాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

రెండు సెంటీమీటర్ల గడ్డం మీద నేరుగా రేజరు పెడితే రెండు గీతలకే బ్లేళ్ల మధ్య వెంట్రుకలు ఇరుక్కుంటాయి. సన్నని చిల్లుల రేకు ఉండే ఎలక్ట్రిక్ ఫాయిల్ షేవర్ పొడుగు వెంట్రుకను పట్టుకోనే పట్టుకోదు. ముందు దువ్వెన తీసేసిన ట్రిమ్మర్‌తో మిల్లీమీటరు దాకా దించి, తడిపి, ఆ తర్వాతే గీయాలి. చార్జింగ్‌ది ఒక్కటే పెట్టుకుంటే అవసరానికి మొరాయిస్తుంది. పెన్సిల్ సెల్‌తో నడిచేదో, కనీసం ఒక కత్తెరో తోడుండాలి. నీళ్లు కరువైన చోట నురగకు బదులు నూనె చాలు. మాస్కు సైజు ముందే, నున్నటి ముఖంతోనే పరీక్షించి రాసి ఉంచుకోవాలి. గడ్డంతో చేసిన పరీక్ష గీశాక చెల్లదు.

గీసిన ప్రతిసారీ మెడ మీద పొక్కులు లేచేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఉంగరాల వెంట్రుక మళ్లీ చర్మంలోకే గుచ్చుకుని పెరగడం దీనికి కారణం. ఐదు బ్లేళ్ల రేజరు వెంట్రుకను పైకి లాగి చర్మం లోపలికి కోస్తుంది, అందుకే వీళ్లకు అదే శత్రువు. ఒక్క బ్లేడుది తీసుకుని, చర్మం సాగదీయకుండా, వెంట్రుక మొలిచిన దిశలోనే గీయాలి, ఎదురు గీయొద్దు. డాక్టర్లు మిల్లీమీటరు వదిలి ట్రిమ్ చేయమంటారు, అది చర్మానికి మంచిదే గానీ మాస్కుకు కాదు. ఇలాంటివాళ్లను రోజూ గీసుకోమని వేధించి చర్మం పాడుచేయడం కన్నా, మామూలు రోజుల్లో గడ్డం వదిలేయించి, అవసరమైన నాడు ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద ఒక్కసారి గీయించడం మేలు.

మీసానికి ఇంత తంటా లేదు. మాస్కు అంచుకు లోపలే ఉండి, ఊపిరి వదిలే వాల్వును తాకకుండా ఉంటే చాలు. వాల్వు రేకు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు, కాబట్టి మీసం చివర్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. ట్రిమ్మర్ కొనేటప్పుడు దువ్వెన మీద 1, 2 అనే అంకెలు కాక మిల్లీమీటర్లు అచ్చువేసి ఉన్నది చూసి తీసుకోండి. నిబంధనలో రాసేది మిల్లీమీటర్లే, అంకెలు మాత్రం కంపెనీ కంపెనీకీ మారతాయి.