స్మారక నాణేలు కొనాలనుకునేవారికి: పదేళ్లకు పైగా దాచుకున్నాక నా అభిప్రాయం

వంద రూపాయల నాణేనికి వేల రూపాయలు పెట్టడం దేనికని కొత్తవారు తరచూ అడుగుతుంటారు. లాభం కోసమైతే వద్దని చెబుతాను. అచ్చు పనితనం చూసి ముచ్చటపడేవారైతే మాత్రం నిశ్చింతగా కొనవచ్చు. కొంటే ప్రూఫ్ రకమే కొనండి.

మన టంకశాలలు ఈ నాణేలను ప్రూఫ్, యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణీలోకి వెళ్లని మామూలు ముద్రణ) అని రెండు రకాలుగా అమ్ముతాయి. లోహం అదే, బరువూ అదే, తేడా అంతా తయారీలోనే. ప్రూఫ్ కోసం అచ్చునూ లోహపు బిళ్లనూ ముందే అద్దంలా మెరుగుపెడతారు, ఒకటికి మించి దెబ్బలు కొట్టి ముద్రిస్తారు. అందుకే బొమ్మ తెల్లగా, మసకగా పైకి లేచి కనిపిస్తుంది, చుట్టూ ఖాళీ నేల నల్లగా నిగనిగలాడుతుంది. యూఎన్‌సీ నాణెం చెడ్డదేమీ కాదు గానీ, రెండూ పక్కపక్కన పెట్టి చూశాక మనసు దానిమీదకు పోదు.

నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు బయటికి తీసేది ఎన్టీఆర్ శతజయంతి నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని రాష్ట్రపతి భవన్‌లో విడుదల చేశారు. ముద్రించింది హైదరాబాద్ టంకశాల. అడ్డకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, అంచు చుట్టూ 200 గాట్లు. టేబుల్ ల్యాంపు కింద కాస్త వంచి, అశోక స్తంభపు సింహాలున్న వైపును భూతద్దంతో చూడండి. జూలులో పాయలు దేనికది విడిగా తెలుస్తాయి. వాటి కింద పీఠం మీద ధర్మచక్రానికి ఎడమన గుర్రం, కుడిన ఎద్దు ఉంటాయి. గోరంత చోటులో ఆ గుర్రం కాళ్ల కదలికను కూడా చెక్కగలిగిన చెయ్యి ఎవరిదో గానీ, దానికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ నాణెం విషయంలో నాకు తీరని కొరత ఒకటుంది. దానిమీద తెలుగు అక్షరం లేదు. 2024లో వచ్చిన కరుణానిధి శతజయంతి నాణెం మీద 'తమిళ్ వెల్లుం' (తమిళం గెలుస్తుంది) అని తమిళ లిపిలోనే ఉంది. అంతకుముందు అణ్ణాదురై నాణెం మీద ఆయన తమిళ సంతకం వేశారు. తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో పార్టీ పెట్టిన మనిషి బొమ్మ కింద ఆయన తెలుగు సంతకం ఉంటే ఎంత నిండుగా ఉండేది! ఇకపై తెలుగువారి పేరిట వచ్చే నాణేల విషయంలోనైనా మన ప్రభుత్వాలు ఈ మాట ముందుగానే అడగాలి.

ఇక లోహం సంగతి. ఎన్టీఆర్ నాణెంలో వెండి 50 శాతం, రాగి 40 శాతం, నికెల్, జింకు చెరి 5 శాతం. అదే 2023లో కొత్త పార్లమెంటు భవనం పేర వచ్చిన 75 రూపాయల నాణేనిదీ ఇదే పాళ్లు. రాగి ఇంత ఎక్కువగా ఉంటే తేమ తగిలిన చోట గోధుమ రంగు చుక్కలు పడతాయి. 1969లో గాంధీ శతజయంతికి వేసిన పది రూపాయల నాణెంలో వెండి 80 శాతం. నా దగ్గరున్నది అంతటా ఒకేలా లేత బూడిద రంగుకు తిరిగింది, వయసుతోపాటు అందమూ పెరిగింది. నాలుగు లోహాల నాణేల్లో ఆ తీరు నాకు కనిపించలేదు. వాటిని కాపాడుకోవాల్సిన బాధ్యత మనదే.

కాపాడటం అంటే పెద్ద ఖర్చేమీ కాదు. అంచు పట్టుకుని మాత్రమే తీయాలి, వీలైతే నూలు గ్లౌజులు వేసుకోవాలి. వేలిముద్ర పడితే ప్రూఫ్ నాణెం మీద అది శాశ్వతంగా ఉండిపోతుంది. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం ఉంచి, వానాకాలంలో పొట్లం మార్చితే సరిపోతుంది. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ ఆల్బమ్‌ల జోలికి పోవద్దు, నాణెం మీద ఆకుపచ్చని జిగురు పేరుకుంటుంది. రబ్బరు బ్యాండ్లు వెండిని నల్లబరుస్తాయి. చింతపండు, టూత్‌పేస్టు, విభూతి, ఏదీ రాయకూడదు. తోమిన నాణేన్ని సేకర్తలెవరూ మంచి ధరకు తీసుకోరు.

కొనుగోలు దగ్గర జాగ్రత్త. ఒక వ్యాపారి నాకు ప్రూఫ్ అని పంపిన నాణెం మీద రెండు వేలిముద్రలు స్పష్టంగా ఉన్నాయి, ఫొటోలో వెలుతురు మాటున అవి కనిపించలేదు. వెనక్కి పంపేశాను. అందుకే నేరుగా టంకశాల నుంచి కొనడమే మేలంటాను. ఎన్టీఆర్ నాణేలను చర్లపల్లిలోని హైదరాబాద్ టంకశాలలోనూ, సైఫాబాద్‌లోని పాత టంకశాల మ్యూజియంలోనూ అమ్మారు. 2022లో తెరిచిన ఆ మ్యూజియాన్ని కొనే పని లేకపోయినా చూసి రండి. నిజాం కాలంలో చార్మినార్ బొమ్మతో నాణేలు వేసిన ఊరు మనది.

వేల రూపాయలు పెట్టలేనివారికి దారి లేకపోలేదు. చేతులు మారే 5, 10 రూపాయల నాణేల్లో కూడా స్మారక ముద్రణలు బోలెడు. సంవత్సరం అంకె కింద ఐదు మొనల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌ది, గుండ్రటి చుక్క నోయిడాది, వజ్రం ఆకారం ముంబయిది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. స్వతంత్ర భారతంలో స్మారక నాణేల వరస 1964లో నెహ్రూ బొమ్మతో మొదలైంది. ఆ రూపాయి, అర్ధరూపాయి ఇప్పటికీ పాత నాణేల దుకాణాల్లో తక్కువకే దొరుకుతాయి. మొదటి నాణెంగా నేనైతే వాటినే తీసుకోమంటాను.