ఏడేళ్లుగా జొటెరో వాడుతున్నా: తెలుగు పేపర్లు, తెలుగు పేర్లు ఉన్నవాళ్ల కోసం నా అనుభవం

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నా పేపర్లన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోనే ఉండేవి, ఫుల్‌టెక్స్ట్ 3, స్కాన్ కొత్తది, సార్ ఇచ్చినది, ఇలాంటి పేర్లతో నాలుగొందల ఫైళ్లు, ఏది ఎందుకు దించుకున్నానో తెరిచి చూస్తే తప్ప తెలిసేది కాదు. నా టాపిక్ కాకతీయుల కాలం చెరువులు. అంటే ఒక పక్క ఎపిగ్రాఫియా ఇండికా (శాసనాల పాఠాలు అచ్చయిన సంపుటాలు) స్కాన్లు, ఇంకో పక్క ఇంగ్లీషు జర్నల్ పేపర్లు, మరో పక్క భారతి లాంటి పాత పత్రికల్లో వచ్చిన తెలుగు వ్యాసాలు. ఈ మూడూ ఒకే చోట సర్దుకోవాలని 2018లో జొటెరో మొదలుపెట్టా, ఇప్పుడు లైబ్రరీలో మూడు వేల పైన ఐటెమ్స్ ఉన్నాయి. మొన్ననే థీసిస్ ఇచ్చేశా కాబట్టి ఇప్పుడు రాస్తే కొత్తగా చేరినవాళ్లకి పనికొస్తుందనిపించింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జొటెరో అంటే పేపర్లు, పుస్తకాల వివరాలు ఒకచోట దాచుకుని, మనం రాసేటప్పుడు వాటిని సైటేషన్లుగా (ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పే ప్రస్తావనలుగా), గ్రంథసూచిగా పెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఫ్రీ, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్ర విభాగం వాళ్ల సెంటర్ నుంచి వచ్చింది, అప్పట్లో ఫైర్‌ఫాక్స్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ అంతే. హిస్టరీ వాళ్లు చేసింది కాబట్టేనేమో ఆర్కైవ్ కాగితం, ఉత్తరం, మ్యాప్ లాంటి వాటికి కూడా విడిగా ఐటెమ్ టైప్స్ ఉన్నాయి, మాలాంటి వాళ్లకి అది చాలా పెద్ద సాయం.

ఇంగ్లీషు పేపర్లకి పని చాలా తేలిక. బ్రౌజర్లో బటన్ నొక్కితే రచయిత, జర్నల్, వాల్యూమ్, పేజీలు, దొరికితే పీడీఎఫ్ కూడా వచ్చేస్తాయి, లేదంటే పేపర్‌కుండే డీఓఐ నంబర్ గానీ పుస్తకానికుండే ఐఎస్‌బీఎన్ నంబర్ గానీ పేస్ట్ చేస్తే చాలు. కానీ వచ్చినదాన్ని వచ్చినట్టు నమ్మొద్దు. నేను మొదటి ఏడాది అలాగే నమ్మేసి వందలకొద్దీ పోగేశా, తర్వాత చూస్తే కొన్నిటికి పేజీ నంబర్లు లేవు, కొన్నిటికి టైటిల్ మొత్తం పెద్దక్షరాల్లో ఉంది, అవన్నీ సరిచేసుకోవడానికి ఒక వేసవి సెలవు పూర్తిగా పోయింది. ఇప్పుడు ఐటెమ్ లోపలికి రాగానే అక్కడికక్కడే అర నిమిషం చూసి సరిచేస్తా, ఆ పని అవ్వకపోతే పక్కన ట్యాగ్ వేసి పెడతా.

స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలైతే ఆటోమేటిగ్గా ఏదీ రాదు. పీడీఎఫ్‌లో టెక్స్ట్ లేదు, అన్నీ బొమ్మలే, కాబట్టి జొటెరో వాటిని గుర్తుపట్టదు, మొత్తం చేత్తో టైప్ చేయాలి. శోధ్‌గంగ (మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే సైటు) థీసిస్‌లైతే అక్కడ అధ్యాయానికో ఫైలు ఉంటుంది, నేను ఒక్క థీసిస్ ఐటెమ్ చేసుకుని దాని కింద ఆ ఫైళ్లన్నీ వరసగా పెడతా.

ఇక అసలు విషయం పేర్లు. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పక నేను రెండేళ్లు ఇబ్బంది పడ్డా. సాఫ్ట్‌వేర్‌లో పేరుకి రెండు గళ్లుంటాయి, సర్‌నేమ్ ఒకటి, మిగతాది ఒకటి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషులో రాస్తే అదే ఒక్క అక్షరం అయిపోతుంది, చివర ఉన్న రావు, శర్మ, రెడ్డి సర్‌నేమ్ గడిలోకి వెళ్లి కూర్చుంటాయి. చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖర శర్మ గారినే తీసుకోండి, నా లైబ్రరీలో ఆయన ఒక చోట శర్మ ఎం.ఎస్., ఇంకో చోట సోమశేఖర శర్మ ఎం., మూడో చోట తెలుగులో పూర్తి పేరు, ముగ్గురు మనుషులైపోయారు. బిబ్లియోగ్రఫీలో మూడు వేర్వేరు చోట్ల వచ్చారు. ఇంకో చరిత్రకారుడు నేలటూరి వెంకటరమణయ్య గారికీ ఇదే పరిస్థితి. వాళ్ల పుస్తకాల మీద నిలబడి పని చేస్తూ వాళ్ల పేరు కూడా సరిగ్గా రాయలేకపోతే ఎలా అని నాకు నిజంగా బాధేసింది.

చివరికి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఇంగ్లీషు రచనలకైతే సోమశేఖర శర్మ మొత్తాన్నీ సర్‌నేమ్ గడిలో పెట్టి, ఎం. అనే ఇనీషియల్ రెండో గడిలో పెడతా. తెలుగు రచనలకైతే పేరు పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కి రెండు గళ్లని ఒక్క గడి చేసేసి, ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు తెలుగులో రాస్తా. అలా చేస్తే పేరుని తిప్పకుండా, కామా పెట్టకుండా మనం రాసినట్టే అచ్చు వేస్తుంది. కాకపోతే వాక్యం మధ్యలో సైటేషన్ ఇచ్చినప్పుడు కూడా మొత్తం పేరు వచ్చేస్తుంది, తెలుగు వ్యాసాల్లో అలా రాయడం మనకి అలవాటే కాబట్టి నాకేం ఎబ్బెట్టుగా అనిపించలేదు.

వెతకడం గురించి ఒక చిన్న మాట. పాత వ్యాసాల్లో శాసనము, కొత్తవాటిలో శాసనం, కాబట్టి సెర్చ్‌లో శాసన అని ఆపేయండి, రెండూ దొరుకుతాయి. చెరువు, తటాకం లాంటి ఒకే అర్థమున్న వేర్వేరు మాటలకైతే ట్యాగ్‌లే దారి. ఒకే శాసనం వేర్వేరు సంపుటాల్లో అచ్చయి ఉంటుంది, పాఠం ఒక్కోచోట తేడాగా కూడా ఉంటుంది, పాలంపేట శాసనానికి సంబంధించినవన్నీ నేను శక 1135 (ఆ శాసనం వేసిన సంవత్సరం) అనే ట్యాగ్‌తో, రిలేటెడ్ అనే ఆప్షన్‌తో కలిపి పెట్టుకున్నా, ఇప్పుడు ఒకటి తెరిస్తే మిగతావి పక్కనే కనిపిస్తాయి. ట్యాగ్‌లకి రంగులు కూడా పెట్టుకోవచ్చు, తొమ్మిది దాకా, కీబోర్డ్ మీద అంకె నొక్కితే ట్యాగ్ పడిపోతుంది. నాకు చదవాలి, చదివేశా, థీసిస్‌లో వాడా, ఈ మూడు రంగులే సరిపోయాయి.

2019లో నా వల్ల ఒక పెద్ద పొరపాటు జరిగింది. ల్యాబ్ కంప్యూటర్లో, ల్యాప్‌టాప్‌లో రెండు చోట్లా ఉంటుంది కదా అని జొటెరో డేటా ఫోల్డర్ మొత్తాన్ని తీసుకెళ్లి ఒక క్లౌడ్ ఫోల్డర్లో పెట్టా. అలా పెట్టొద్దని జొటెరో వాళ్లు స్పష్టంగా రాశారు, నేను చదవలేదు. రెండు చోట్లా ఒకేసారి తెరిచి ఉండడంతో డేటాబేస్ పాడైంది. అదే ఫోల్డర్లో అది తనంతట తాను చేసుకునే బ్యాకప్ ఫైలు ఒకటి ఉంటుంది, దాంతో చాలావరకు వెనక్కి వచ్చింది గానీ రెండు వారాల నోట్స్ పోయాయి. అప్పట్నుంచి సింక్ జొటెరో అకౌంట్ ద్వారానే, ప్రతి ఆదివారం ప్రోగ్రామ్ మూసేసి మొత్తం ఫోల్డర్‌ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తా. సింక్ వేరు, బ్యాకప్ వేరు, ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి పీడీఎఫ్‌లు లోపలే తెరిచి రంగులు పూసుకోవచ్చు, పూసిన వాక్యాలన్నీ పేజీ నంబర్లతో సహా నోట్‌గా మార్చుకోవచ్చు. నా రాతపని వేగం పెరిగింది దీనివల్లే. 2024లో 7వ వెర్షన్ వచ్చాక రూపం మారింది, వారం రోజులు తడబడ్డా తర్వాత అలవాటైంది.

డబ్బు సంగతి. సాఫ్ట్‌వేర్ ఫ్రీ, కానీ ఫైళ్ల కోసం ఫ్రీగా ఇచ్చే చోటు 300 ఎంబీయే, స్కాన్ పుస్తకాలు ఉన్నవాళ్లకి అది మొదటి నెలలోనే నిండిపోతుంది. ఏడాదికి 20 డాలర్లు కడితే 2 జీబీ, 60 కడితే 6 జీబీ. నేను 2 జీబీ తీసుకున్నా, పెద్ద స్కాన్లని మాత్రం హార్డ్ డిస్క్‌లోనే ఉంచి లింక్ ఇచ్చా. వెబ్‌డావ్ సర్వర్ (ఫైళ్లు దాచుకునే సొంత ఆన్‌లైన్ చోటు) ఉన్నవాళ్లు ఏమీ కట్టకుండా దాన్ని వాడుకోవచ్చు.

వర్డ్‌లో రాసేటప్పుడు సైటేషన్ మీద చేత్తో దిద్దకండి, రిఫ్రెష్ అయినప్పుడు మీ దిద్దుబాటు పోవచ్చు. రెండొందల పేజీలు దాటాక ప్రతి సైటేషన్‌కీ ఆగి ఆగి నడుస్తుంది, డాక్యుమెంట్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ తీసేస్తే తేలికవుతుంది. మా దగ్గర తెలుగు, ఇంగ్లీషు గ్రంథసూచి విడివిడిగా అడిగారు, ఒకే డాక్యుమెంట్‌లో రెండు లిస్టులు ఇది ఇవ్వదు. నాకు ఇంగ్లీషు పేర్లన్నీ ముందు, తెలుగువి తర్వాత వచ్చాయి కాబట్టి, చివర్లో ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని, అన్‌లింక్ చేసి (అంటే సైటేషన్లకి జొటెరోతో ఉన్న లంకె తెంచి), మధ్యలో హెడ్డింగ్ టైప్ చేశా. ఆ కాపీ తీసుకోకుండా అన్‌లింక్ నొక్కొద్దు, మళ్లీ వెనక్కి కలపలేరు.

ఇప్పుడు ఇద్దరు జూనియర్లతో కలిసి ఒక గ్రూప్ లైబ్రరీ పెట్టాం, పాత పత్రికల్లో చెరువుల మీద వచ్చిన తెలుగు వ్యాసాలన్నీ ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాం, నూట నలభై దాకా అయ్యాయి. మొదటి రోజే ముగ్గురం కూర్చుని పేర్లు ఎలా రాయాలో తేల్చుకున్నాకే టైపింగ్ మొదలుపెట్టాం.