లివర్‌పూల్ నుంచి ఇల్లినాయ్‌కి: న్యూయార్క్ దారా, న్యూ ఆర్లీన్స్ దారా? ఏది మేలు?

1840లలో ఇల్లినాయ్‌లో పొలం కొనుక్కుందామని లివర్‌పూల్‌లో ఓడెక్కే ఇంగ్లిష్ కుటుంబం ముందు తేల్చుకోవాల్సింది ఏ రేవులో దిగాలన్నదే.

తెరచాప ఓడలో న్యూయార్క్‌కి ఐదారు వారాలు పట్టేది. న్యూ ఆర్లీన్స్‌కి ఏడెనిమిది, గాలి మొండికేస్తే ఇంకా ఎక్కువ. ఓడ ప్రయాణికుల కోసం బ్రిటన్ చేసిన 1849 చట్టం వచ్చాక కూడా మనిషికి రోజుకు దక్కింది 3 క్వార్టుల నీళ్లే, అంటే దాదాపు 3.4 లీటర్లు. తాగినా, వండుకున్నా, కడుక్కున్నా అందులోంచే. పసిపిల్లలున్న ఇంటికి ఆ అదనపు రెండు వారాలు చాలా బరువు.

అసలు తేడా దిగాక తెలిసేది. న్యూయార్క్ నుంచి హడ్సన్ నది మీద స్టీమర్‌లో ఆల్బనీకి, అక్కణ్ణుంచి ఈరీ కాలువలో గుర్రాలు లాగే పడవ మీద 363 మైళ్లు బఫలోకి, ఆపైన సరస్సుల స్టీమర్‌లో ఇల్లినాయ్‌లోని చికాగోకి. కాలువ మీదే వారం పైగా గడిచేది. పడవ మారిన ప్రతిచోటా పనిముట్లు, వంటసామాను కుక్కిన చెక్కపెట్టెలు దింపాలి, తూకం వేయించాలి, మళ్లీ ఎక్కించాలి. చౌక అనుకున్న ప్రయాణం అక్కడే ఖరీదయ్యేది. పైగా రేవులో కాచుకున్న దళారులు సొంత ఊరివాళ్లలా పలకరించి పనికిరాని టికెట్లు అంటగట్టేవారు. 1855లో వలసవాళ్లు దిగే కేంద్రంగా కాజిల్ గార్డెన్ తెరిచాకే ఆ బెడద కొంత తగ్గింది.

న్యూ ఆర్లీన్స్ దారిలో ఈ తిప్పలు తక్కువ. లివర్‌పూల్‌కి పత్తి తెచ్చిన ఓడలకు తిరుగు సరుకు చాలేది కాదు, అందుకే మనుషుల్ని చౌకగా ఎక్కించుకునేవి. రేవులో ఒక్కసారి సామాను మారిస్తే, మిసిసిపీ నది మీద ఇల్లినాయ్ సరిహద్దున ఉన్న సెయింట్ లూయిస్ దాకా దాదాపు 1,200 మైళ్లు ఒకే స్టీమర్. కింది డెక్‌లో పడకా, భోజనమూ ఉండవు. ఆగిన చోటల్లా కట్టెలు మోస్తే ఛార్జీ తగ్గించేవారు.

ఆ దారికి శత్రువు ఎండాకాలం: పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్), కలరా, నది తగ్గితే అడుగున దాగిన చెట్ల మొద్దులు. బాయిలర్ల భయం ఏ కాలంలోనైనా ఉండేది. 1852 ఏప్రిల్‌లో మిసిసిపీలో కలిసే మిస్సోరీ నది మీద లెక్సింగ్టన్ దగ్గర 'సలూడా' స్టీమర్ పేలినప్పుడు అందులో బ్రిటన్ నుంచి వచ్చిన వలస కుటుంబాలూ ఉన్నాయి.

బరువైన పెట్టెలతో సెయింట్ లూయిస్ వైపు వెళ్లే కుటుంబానికి 1852కి ముందు న్యూ ఆర్లీన్సే నయం. అయితే జనవరిలో బయలుదేరాలి: సెయింట్ లూయిస్ దగ్గర మంచు కరిగాక, దక్షిణాన జ్వరాలు మొదలవక ముందే నదీప్రయాణం ముగించేయొచ్చు. 1852లో తూర్పు నుంచి రైలు చికాగో చేరాక మాత్రం న్యూయార్కే మేలు. ఏళ్ల తరబడి న్యూ ఆర్లీన్స్ మీదుగా ఇంగ్లండ్ నుంచి జనాన్ని తెచ్చిన మోర్మన్ అనే మతశాఖవారు కూడా కలరాకు వెరచి 1855లో తూర్పు రేవులకు మారారు.