ఒక్క పుస్తకమే చదవాలంటే ఏది? తెలంగాణ పోరాటంపై మూడు పుస్తకాలు

మా అక్క కూతురు సెలవులకు వచ్చినప్పుడు అడిగింది. "పిన్నీ, తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఒక్క పుస్తకం చెప్పు. నవలైతే బాగుంటుంది. చరిత్ర పుస్తకాలు నాకు ముందుకు సాగవు." ఒక్కటే అనేసరికి ఆలోచనలో పడ్డాను. నిజాం పాలనలో దొరల మీద రైతులు తిరగబడ్డ ఆ కాలానికి సంబంధించి ఈ వేసవిలోనే మూడు పుస్తకాలు వరసగా చదివాను మరి. మూడూ తెచ్చి దాని ముందు పెట్టాను.

నవల దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. 1969లో వచ్చింది. బతుకుతెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి సారంగపాణి అనే సంగీతం తెలిసిన మనిషి నిజాం రాజ్యంలోని ఒక పల్లెకు వస్తాడు. ఈ ఎత్తుగడ నాకు బాగా నచ్చింది. పాణికి ఆ ఊరు కొత్త, చదివేవాళ్లకూ కొత్తే. వెట్టి అంటే ఏమిటో, గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, దాసీల బతుకు ఎలా ఉంటుందో, దొర మాటకు ఊరు ఎందుకు వణుకుతుందో అతనితో పాటే మనకూ తెలిసి వస్తుంది. ఇక భాష! ఉర్దూ కలిసిన ఆ తెలంగాణ మాటలు చదువుతుంటే సూర్యాపేట దగ్గరి పల్లెలో పుట్టిన మా అమ్మమ్మ గొంతు వినిపించింది. 'దొర' అనే మాట దగ్గర ఆమె గొంతు తగ్గించేది. ఎందుకో నాకు ఈ నవల చదివాకే అర్థమైంది. రెండు రాత్రుల్లో పూర్తి చేశాను.

అయినా వెలితి మిగిలింది. గడీలో వనజ అనే దాసి ఉంటుంది. రచయితకు ఆమె మీద ఎంతో జాలి ఉంది, ఆ జాలి నిజమైనదే. కానీ ఆమె గురించి మనకు తెలిసేదంతా ఆయన చెబితేనే. తనంతట తాను నోరు విప్పి చెబితే ఏం చెప్పేదో అని చివరి దాకా అనిపిస్తూనే ఉంది. పైగా ఈ కథ పోరాటానికి ముందు రోజులది. 1946లో కడవెండిలో పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య ప్రాణం పోవడం, 1951లో పోరాటం విరమించడం, ఆ మధ్య అడవుల్లో గడిచిన బతుకు, ఇవేవీ ఇందులో దొరకవు.

అవి 'మనకు తెలియని మన చరిత్ర'లో ఉన్నాయి. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన పుస్తకం ఇది. చాకలి ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది. నన్ను కదలనివ్వనిది మాత్రం కమలమ్మ. దళంతో అడవిలో ఉండగా బిడ్డను ఇతరులకు ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి ఆమె. ఆ పేజీల్లో అలంకారాలు లేవు, వర్ణనలు లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోతుంది. నేను పుస్తకం మూసి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను. పోరాటం ఆగాక ఈ ఆడవాళ్లను మళ్లీ వంటింటి దారి పట్టమన్నారు. ఆ కోపం వాళ్ల మాటల్లో ముప్పై ఏళ్ల తరవాత కూడా చల్లారలేదు.

ఇది సాఫీగా సాగే పుస్తకం కాదు. గొంతులు మారుతుంటాయి, చెప్పిందే మళ్లీ వస్తుంది, పేర్లు గుర్తుండవు. ఓపిక కావాలి.

మూడోది కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి'. 2012లో వచ్చేసరికి ఆమెకు తొంభై దాటాయి. ఊహ తెలియని వయసులో పెళ్లి, వైధవ్యం. తరవాత కమ్యూనిస్టు నాయకుడు కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, అజ్ఞాతవాసం. భర్త విడిచిపోయాక ముప్పై అయిదేళ్ల వయసులో మళ్లీ చదువుకు కూర్చుని, ఆ తరవాత కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసింది. కొడుకునూ కూతురినీ పోగొట్టుకుంది. ఇంత జరిగినా ఎవరినీ శపించదు. చదివిన మూడింటిలో పుస్తకంగా నాకు ఇదే గొప్పగా తోచింది. అయితే ఇది ఒక మనిషి నూరేళ్ల బతుకు. పోరాటం అందులో ఒక భాగమే. అందుకే మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది సరైన జవాబు కాదు.

ఆ ప్రశ్నకు నా జవాబు 'మనకు తెలియని మన చరిత్ర'. నవల చదివితే గడీ కళ్లకు కడుతుంది, నిజమే. కానీ గడీ గోడలు దాటి బయటికొచ్చిన ఆడవాళ్లే మాట్లాడుతుంటే వాళ్ల తరఫున ఇంకొకరు మాట్లాడనక్కర్లేదు.

మా అమ్మాయి కాస్త మొహం చిన్నబుచ్చుకుంది. నవల కూడా దాని బ్యాగులో పెట్టాను. "ఇది బస్సులో చదువుకో. కమలమ్మ చెప్పింది మాత్రం ఇంటికెళ్లాక, పక్కన ఎవరూ లేనప్పుడు చదువు" అన్నాను.