కొత్తగా కట్టిన ఇంజన్‌కి ఆయిల్ ఎక్కించడం: సెల్ఫ్‌తోనా, డబ్బాతోనా?

నా టూల్ బాక్సులో ఒక బిగెండ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్ షాఫ్టుని పట్టుకునే చోట ఉండేది) ముక్క దాచి పెట్టుకున్నాను. మా బావగారి మారుతీ 800లోంచి తీసింది. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, కొత్త మెటల్స్ (బేరింగులు) అన్నీ అయ్యాక ఇంజన్ ఎక్కించిన సాయంత్రమే తాళం తిప్పేశారు. ఆయిల్ లైటు కాసేపు వెలిగి ఆరిపోయింది, అందరం సంతోషించాం. రెండు నెలలకి కింద టకటక మొదలైంది. ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి చూస్తే ఈ ముక్క మీద గీతలు, గోరు పెట్టి లాగితే ఆగేంత లోతున. ఫిల్టర్ ఖాళీగా బిగించారనీ, పంపు పొడిగానే పెట్టారనీ తర్వాత తెలిసింది.

క్రాంక్ షాఫ్టుకీ బేరింగుకీ మధ్య ఖాళీ మామూలుగా 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్లు. ఆ సందులో ఆయిల్ పొర ఉన్నంతసేపూ లోహం లోహానికి తగలదు. కొత్తగా కట్టిన ఇంజన్‌లో పంపు, ఫిల్టర్, ఆయిల్ దారులు అన్నీ గాలితో ఉంటాయి. పంపు ముందు ఆ గాలిని తోసెయ్యాలి, ఆ తర్వాతే ఆయిల్ బేరింగ్ దాకా వస్తుంది. అంతవరకూ షాఫ్టుని కాపాడేది బిగించేటప్పుడు మనం రాసిన లూబ్ (ఇంజన్ కట్టేటప్పుడు రాసే చిక్కటి అసెంబ్లీ లూబ్) ఒక్కటే.

అందరూ చేసేది సెల్ఫ్ కొట్టడం. సరిగ్గా చేస్తే చెడ్డ పద్ధతేమీ కాదు. ప్లగ్గులన్నీ విప్పెయ్యాలి. కంప్రెషన్ పోతే సెల్ఫ్ తేలిగ్గా, వేగంగా తిప్పుతుంది, బిగెండ్ల మీద బరువూ పడదు. కాయిల్ వైరు తీసెయ్యాలి. ఇంజెక్షన్ బండి అయితే ఫ్యూయల్ పంపు ఫ్యూజు కూడా లాగాలి, లేకపోతే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. పది సెకన్లు కొట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పది సెకన్లు. నాలుగైదు సార్లయినా ప్రెషర్ రాకపోతే ఇక కొట్టొద్దు. ఛాంబర్‌లోని పీల్చే గొట్టం దగ్గర ఓ-రింగు గాలి లాగుతోందేమో, పంపు పొడిగా ఉందేమో చూడాలి.

దీని లోపం దీంట్లోనే ఉంది. ఆయిల్ రావాలంటే షాఫ్టు తిరగాలి, షాఫ్టు తిరిగేది ఆయిల్ లేకుండానే. పైగా సెల్ఫ్ తిప్పేది 200, 300 ఆర్‌పీఎం మాత్రమే కాబట్టి పంపు నెమ్మదిగా లాగుతుంది. లూబ్ తాజాగా ఉంటే ఆ కాస్త సేపూ అదే కాస్తుంది. ఇంజన్ కట్టి నెలలైతే, అందులోనూ లూబ్ బదులు మామూలు ఇంజన్ ఆయిలే రాసి ఉంటే, అది ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది.

డబ్బా పద్ధతిలో షాఫ్టు కదలకుండానే ఆయిల్ లోపలికి వెళుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రానికి నిపుల్ బిగించి, బయటి నుంచి ఒత్తిడితో గ్యాలరీలోకి (బేరింగులకి ఆయిల్ పంచే ప్రధాన దారిలోకి) ఎక్కిస్తాం. దీనికోసమే చేసిన ట్యాంకులు దొరుకుతాయి. నేను వాడింది మొక్కలకి మందు కొట్టే చేతి స్ప్రేయర్, ముందు గాలి కొట్టి తర్వాత మీట నొక్కేది. కొత్తదే కొనాలి, ఒక్కసారి మందు పోసింది కూడా పనికిరాదు. 30 పౌండ్లు, అంటే కారు టైరులో ఉండేంత గాలి చాలు. ఆయిల్ టిన్ను గంటసేపు ఎండలో పెడితే పల్చబడి తొందరగా పారుతుంది. ఆయిల్ వెళుతుండగా పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి, ఇంజన్ తిరిగే వైపుకే పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఉండాలి. క్రాంక్‌లోని రంధ్రాలు ఒక్కో చోట కలిసినప్పుడు ఒక్కో బిగెండ్‌కి ఆయిల్ అందుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతొకటి ఉంది. డబ్బాతో గ్యాలరీ నిండుతుంది కానీ, ఫిల్టర్‌లోని రబ్బరు వాల్వ్ ఆయిల్‌ని వెనక్కి పోనివ్వదు కాబట్టి పంపు దాకా వెళుతుందన్న నమ్మకం లేదు. అందుకే కట్టేటప్పుడే పంపు పళ్ల మధ్య వాసెలిన్ నింపాలి, ఫిల్టర్‌లో ఆయిల్ పోసి బిగించాలి. వాసెలిన్ వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. దాని బదులు గ్రీజు పెట్టొద్దు.

డ్రిల్లు పెట్టి పంపుని తిప్పే పద్ధతి పాత షెవర్లే స్మాల్ బ్లాక్ లాంటి అమెరికన్ వీ8లకి చక్కగా సరిపోతుంది. వాటిలో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కిందే పంపు షాఫ్టు ఉంటుంది. మారుతీ 800లో పంపు క్రాంక్ ముక్కు మీదే కూర్చుంటుంది కాబట్టి మనకి ఆ దారి లేదు.

మరి ఏది మేలు? చిన్న పెట్రోలు ఇంజన్, మంచి లూబ్ రాశారు, కట్టిన వారంలోపే స్టార్ట్ చేస్తున్నారు, పంపూ ఫిల్టరూ నింపారు. అలాంటప్పుడు ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొడితే చాలు. ఇంజన్ నెలల తరబడి పడి ఉన్నా, టర్బో డీజిల్ అయినా, అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్‌లా క్యామ్ (వాల్వులని తెరిపించే షాఫ్టు) నేరుగా టాపెట్ (అది తోసే చిన్న లోహపు ముక్క) మీద రాసుకునే రకమైనా డబ్బానే వాడండి. ఈ మూడో రకంలో సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే క్యామ్ మీద రాసిన లూబ్ తుడుచుకుపోతుంది. ఇక టర్బోకి ఆయిల్ తెచ్చే గొట్టం విప్పి, అందులో విడిగా ఆయిల్ పోయడం మరిచిపోవద్దు.

ఏ పద్ధతైనా లైటుని నమ్మకండి. చాలా బండ్లలో అది అర కిలో ప్రెషర్ లోపే ఆరిపోతుంది. స్విచ్ చోట ముల్లు గేజి బిగించి చూడండి.

నా ఇంజన్‌ని విజయవాడ ఆటోనగర్‌లో మెషినింగ్ చేయించి నేనే కట్టాను. హెడ్ రావడం ఆలస్యమై రెండు నెలలు స్టాండు మీదే ఉండిపోయింది, అందుకే డబ్బా పట్టాను. టాపెట్ కవర్ తీసి పెట్టి, ఛాంబర్‌లో ఆయిల్ కాస్త తక్కువ పోసి (ఎక్కించిందంతా చివరికి అక్కడికే దిగుతుంది) మొదలుపెట్టాను. మొదట బుడబుడమని గాలి. నాలుగో పావు చుట్టుకి ఒక రాకర్ (వాల్వ్‌ని నొక్కే మీట) కింద తేనె రంగు చుక్క మెరిసింది. తర్వాత దాని పక్కది. అన్నిటికంటే ఆలస్యంగా మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ రాకర్ తడిసింది. అది కూడా తడిశాకే స్ప్రేయర్ దించి, గేజి బిగించి, డిప్‌స్టిక్ చూసి, ప్లగ్గులు పెట్టాను.